పాపని లేపొద్దు

మార్చి 3, సోమవారం

అక్క మాట విని నాటకాల వాళ్ళ దగ్గరికి వెళ్ళాను. బుద్ధి తక్కువై. తను అక్కడ మేకప్ చేస్తుంది. ప్రాంప్టర్ మానేసిందట. నీ గొంతు ఎలాగూ వీధి చివరిదాకా వినపడుతుంది కదా, రా అంది. తీరా వెళ్ళాక తెలిసింది, ప్రాంప్టింగ్ అంటే మర్చిపోయిన డైలాగు గుసగుసగా అందించాలని. డ్రైక్లీనింగ్ షాపులో మిషన్ల హోరు మీద రోజంతా అరిచే నోరు నాది. గుసగుస ఎక్కణ్ణుంచి వస్తుంది?

పాటల కామెడీ. ఇల్లు అమ్మనని మొండికేసే అత్తగారు, ఎలాగైనా అమ్మించాలని చూసే అల్లుడు. డైరెక్టరు రిటైరైన పీటీ మాస్టారు. అందరూ డ్రిల్లు మాస్టారంటారు. విజిల్ ఇంకా మెడలోనే ఉంది.

అత్తగారి వేషం వేసే ఆవిడ పోస్టాఫీసులో చేసి రిటైరైంది. వెనకాల రాణీగారంటారు. ఎందుకో ఇవాళే తెలిసింది. రెండుసార్లు డైలాగు మర్చిపోయింది, రెండుసార్లూ అందించాను. నా వైపు కన్నెత్తి చూడలేదు. సొంతంగా ఏదో కల్పించి చెప్పేసింది. ఒళ్ళు మండిపోయింది నాకు.

మార్చి 5, బుధవారం

మళ్ళీ అంతే. నేను మనిషినా, గోడనా?

మార్చి 8, శనివారం

నవ్వీ నవ్వీ కడుపు నొప్పి.

నాటకంలో ఒక గదిలో పాప, ఇంకో గదిలో మామగారు నిద్రపోతున్నట్టు లెక్క. అల్లుడి వేషం వేసే ఎలక్ట్రీషియన్ డైలాగు మర్చిపోయాడు. నోటికొచ్చినట్టు, గట్టిగా మాట్లాడకండి, పాపని లేపొద్దు అన్నాడు. రాణీగారు నడుం మీద చెయ్యేసుకుని, లేపితే మాత్రం లేస్తాడా, పెళ్ళయిన నాటి నుంచీ అదే నిద్ర కదా అంది. పాపని లేపొద్దంటే మామగారి మీద జవాబు! మాస్టారు విజిల్ నోట్లో పెట్టుకుని నవ్వితే అది తనంతట తానే కూసింది. ఆ ముక్క ఉంచెయ్యమన్నారు.

ఏం తెలివమ్మా అని అక్క ఒకటే మెచ్చుకోవడం. నేను మాత్రం ఆవిడ మొహం చూశాను. అందరూ ఎందుకు నవ్వుతున్నారో తెలియని మొహం అది.

మార్చి 12, బుధవారం

నాటకంలో కప్పుకునే శాలువా ఇవ్వడానికి రాణీగారు మా షాపుకొచ్చింది. ఇచ్చి వెళ్ళిపోతుంటే, రసీదు తీసుకోలేదండీ అని అరిచాను. వెనక్కి తిరగలేదు. ఇంకా గట్టిగా అరిచాను. రోడ్డవతల టైర్ల షాపాయన తిరిగి చూశాడు, ఈవిడ మాత్రం నడిచిపోతూనే ఉంది. పొగరు కూడా ఒక హద్దులో ఉండాలి అనుకుంటూ పరిగెత్తి ఎదురెళ్ళాను. నన్ను చూడగానే ఉలిక్కిపడింది. ఏమిటని అడుగుతూ నా కళ్ళలోకి కాదు, మూతి వైపు చూసింది.

ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడ్డాను. గొంతు రాకుండా పాప అన్నాను. మామ అన్నాను. పెదవులు ఒకేలా కలుస్తున్నాయి, ఒకేలా విడిపోతున్నాయి. ఓరి దేవుడా. ఆవిడ జోకు వెయ్యలేదు.

మార్చి 13, గురువారం

శాలువా ఇచ్చే వంకతో వాళ్ళింటికి వెళ్ళాను. సూటిగా అడిగేశాను. కాసేపు బుకాయించింది, తర్వాత కూర్చోమంది.

కుడిచెవి ఎప్పుడో పోయిందట. ఎడమది ఈ ఏడాది దాటదన్నాడట డాక్టరు. చెవికి మిషన్ పెట్టుకుంటే మాటలు కొంత తెలుస్తాయి, పాట మాత్రం రేకుడబ్బాలో రాళ్ళేసి ఊపినట్టుంటుంది అంది. అందుకని నాటకం మొదలయ్యాక పెట్టుకోవడమే మానేసిందట. పాటప్పుడు కీబోర్డు స్పీకరు మీద చెయ్యి ఆనించి నిలబడితే శ్రుతి అరచేతికి అందుతుందట. అందరం అది స్టైలనుకున్నాం.

మాస్టారికి చెప్పొద్దని నా చెయ్యి పట్టుకుంది. తెలిస్తే పాటలన్నీ కోరస్‌లో పాడే ఆయన కోడలికి వెళ్ళిపోతాయి, ఆ పిల్లకి అన్నీ నోటికొచ్చు. ఈ ఒక్క నాటకంలో పాడెయ్యనివ్వవే అంది. నాకు ఏడుపొచ్చింది. ఆవిడకి రాలేదు.

ఇంకో మాట కూడా అంది. ఏమన్నారని ఎవరినడిగినా, ఏం లేదులే అంటారట. కొడుకు, కోడలు, పక్కింటావిడ, అందరూ. నువ్వు మాత్రం ఆ మాట అనకు అంది. అననని మాటిచ్చాను.

మార్చి 19, బుధవారం

మాస్టారికి మెడనొప్పని బొంకి, తెర పక్కనుంచి లేచి స్టేజీ ముందుకొచ్చి కూర్చున్నాను. ఒళ్ళో టార్చి, వెలుగు నా మూతి మీద. గొంతు లేకుండా అందిస్తున్నాను. అక్క చూసి దెయ్యంలా ఉన్నావే అంది. ‘పాడండి’ అంటే పెదవుల మీద ‘మాడండి’లా కనపడే ప్రమాదముంది. అందుకని ముందుకు సాగమనడానికి ‘కానీండి’ అని ఖాయం చేసుకున్నాం. ఇవాళ ప్రతి డైలాగూ అందుకుంది. ఒకసారి కన్ను కూడా కొట్టింది. పోస్టాఫీసులో ఈవిడ ఎలా ఉండేదో!

మార్చి 22, శనివారం

షాపులో కస్టమరు ఏదో అడిగితే గొంతు లేకుండా జవాబు చెప్పాను. ఎగాదిగా చూశాడు.

మార్చి 23, ఆదివారం

హాలు నిండింది. మామగారి నిద్ర జోకుకి విరగబడి నవ్వారు.

చివర్లో అత్తగారి పాట. ఇల్లు కొనడానికొచ్చినవాడికి ఇంట్లో చప్పుళ్ళన్నీ వినిపిస్తుంది. తలుపు కిర్రుమనడం, మెట్ల మీద పిల్లల పరుగు, ముసలాయన దగ్గు. వీటికి ధర కట్టు నాయనా అని వెక్కిరిస్తుంది. ఆ పాటకి స్పీకరు వదిలి స్టేజీ మధ్యకి రావాలి. వచ్చింది. మొదటి చరణంలోనే స్పీకరు టప్‌మని పోయింది. కీబోర్డు లేదు, కోరస్ నోళ్ళు మూసేసింది. తెర వెయ్యమని మాస్టారు వెనకనుంచి విజిల్ ఊదారు. హాలంతా ఉలిక్కిపడింది. ఆవిడొక్కతే కదల్లేదు.

తెర లాగమని ఎత్తిన ఆయన చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది. ఆయనకి తెలిసిపోయింది.

పక్కవాళ్ళ మూసిన నోళ్ళు చూసి ఆవిడ పాడుతూనే నా వైపు తిరిగింది. కళ్ళ నిండా భయం. ఆగమంటే ఆగిపోతుంది, ఇంకెప్పుడూ పాడదు. కానీండి అన్నాను.

పాడింది. వట్టి గొంతు. రెండో చరణంలో శ్రుతి కిందికి జారింది, తిరిగి ఎక్కలేదు. వెక్కిరింపు పాట కాస్తా ఇంకేదో అయిపోయింది. తను వినలేని చప్పుళ్ళన్నీ ఒక్కొక్కటీ పేరు పెట్టి పిలుస్తోంది. పాటైపోయింది. ఎవరూ నవ్వలేదు, ఎవరూ కదల్లేదు. తెర పడింది.

మాస్టారు నా దగ్గరికొచ్చి ఎప్పట్నుంచి తెలుసన్నారు. చెప్పాను. తిడతారనుకున్నాను. వచ్చే శనివారం షోలో ఆ పాటకి కీబోర్డు వద్దు అన్నారు. కోడలి ఊసే ఎత్తలేదు.

మార్చి 24, సోమవారం

షాపు తియ్యగానే వచ్చింది. నిద్రపోయినట్టు లేదు. పాటయ్యాక కాళ్ళ కింద చెక్కలు అదరలేదు, చప్పట్లు రాలేదు కదూ అంది. రాలేదన్నాను. మొహం పాలిపోయింది. ఎందుకని అడిగింది.

కొట్టడం మర్చిపోయారండీ అన్నాను.

మళ్ళీ చెప్పమంది. చెప్పాను. మళ్ళీ చెప్పమంది. మూడోసారి చెబుతుంటే తెలిసింది, ఆవిడకి మొదటిసారే అర్థమైందని.