ఖాసిం వాళ్ల నాన్న కారు

ఆదివారం, రాత్రి

పాత కార్లను కొత్తవాటిలా చేసే టీవీ ప్రోగ్రాం మీద నాకూ ఖాసింకీ ఎప్పుడూ గొడవే. చివర్లో కారు మీద గుడ్డ తీయగానే ఓనరు ఏడుస్తాడు, ఆయనతో పాటు ఖాసిమూ ఏడుస్తాడు. "అదంతా కెమెరా కోసంరా" అంటాను నేను.

ఇవాళ వాళ్ల నాన్న అంబాసిడర్ పిడుగురాళ్ల షెడ్డు నుంచి వచ్చింది. పోయేదాకా ఆయన నడిపిన బండి. ఖాసిం టీవీలో లాగే గుడ్డ కప్పి, వాళ్లమ్మను వాకిట్లోకి పిలిచి, నన్ను వీడియో తీయమన్నాడు. గుడ్డ లాగగానే ఎర్రరంగు మెరిసిపోయింది. సీట్లు, స్టీరింగ్ అన్నీ కొత్తవే. వాళ్లమ్మ కారు చుట్టూ తిరిగి చూసి, తలుపు నిమిరింది.

"చానా బాగుంది నాయనా. మరి మీ అబ్బా కారు ఎప్పుడిస్తారంట?"

ఖాసిం నవ్వబోయి ఆగిపోయాడు. "ఇదే అమ్మీ" అన్నాడు.

ఆమె ఇంకోసారి లోపలికి తొంగి చూసింది. "ఔనా" అని ఇంట్లోకి వెళ్లిపోయింది.

అప్పుడు వాడు షెడ్డుకు ఫోన్ చేసి పాత స్టీరింగ్ అడిగాడు. పాత ఇనుముకు వేసేశారంట.

వీడియో పంపమని ఇందాకే మళ్లీ అడిగాడు. వాళ్లమ్మ అడిగిన ఆ మాట తీసేసి పంపుదామంటే, టీవీ వాళ్లు చేసేదీ ఇదే కదా అనిపించి చేతులు రావట్లేదు.