ఏడిస్తే వెలిగే లైటు

అక్కా,

పాప నీ దగ్గర హాయిగా ఉందని బావ ఫోన్‌లో చెప్పాడు. "చెవులు వినపడనిదాని చేతిలో పసిబిడ్డను ఎలా వదలమంటావురా?" అని నువ్వు పాపను ఎత్తుకెళ్లాక నేను చేతులు ముడుచుకుని కూర్చోలేదు.

పాత టేప్‌రికార్డరులోని మైకు తీసి, ఒక ట్రాన్సిస్టరు, బ్యాటరీ కలిపి చిన్న సర్క్యూట్ కట్టాను. మైకు ఉయ్యాలకు, ఎర్రలైటు వంటింటి గోడకు. పాప ఏడిస్తే లైటు వెలుగుతుంది. రాత్రిళ్లు ఎలాగూ నేనుంటాను. చిన్నప్పుడు రేడియో విప్పి మళ్లీ బిగించలేకపోయానని ఇప్పటికీ వెక్కిరిస్తావు కదా, ఈసారి ఒక్క స్క్రూ కూడా మిగల్లేదు.

ఒక పొరపాటు చేశాను. మైకు ప్రతి చప్పుడూ పట్టేస్తోంది. కుక్కర్ కూసినా, వీధికుక్క మొరిగినా, నేను తుమ్మినా లైటు వెలుగుతోంది. తగ్గిద్దామని స్క్రూడ్రైవర్ తీస్తే నీ మరదలు నా చెయ్యి పట్టుకుంది. "ఉండనివ్వండి. కుక్క అరుపుకు లేస్తే నష్టమేముంది? పాప ఏడుపుకు లేవకపోతేనే కష్టం" అని సైగ చేసింది.

అందుకని అలాగే వదిలేశాను. లైటు వెలిగినప్పుడల్లా పొయ్యి కట్టేసి పరుగెడుతోంది. ఖాళీ ఉయ్యాల చూసి, తిరిగొచ్చి మళ్లీ పొయ్యి వెలిగించుకుంటోంది.

ఆదివారం పాపను తీసుకురా. చెవుల్లో దూది పెట్టుకుని నువ్వే వంటింట్లో కూర్చుని చూడు. లైటు వెలగకపోతే పాపను నీతోనే తీసుకెళ్లు, నేను మాట్లాడను.

గుమ్మానికి అడ్డంగా మాత్రం కూర్చోకు. ఆమె పరుగెత్తే దారి అదే.

నీ తమ్ముడు