రబ్బరు బ్యాండు లేని పది

నాన్నా, ఫోనులో మాట మీ చెవికి అందదు గనుక అబిడ్స్ పోస్టాఫీసులో నిలబడి ఈ కార్డు రాస్తున్నాను. ఒంట్లో బాగానే ఉంది, మనసే బాగోలేదు. మీరు కొబ్బరి చీపురు విప్పి కోసి పంపిన పుల్లలతోనే రెండో తరగతికి లెక్కలు చెబుతున్నాను. పది పుల్లలకు రబ్బరు బ్యాండు వేస్తేనే కట్ట, లేకపోతే విడి పుల్లలేనని నేర్పాను. మంగళవారం మా నాంపల్లి బడికి తనిఖీ సారు వచ్చి, ముప్పై నాలుగుకు ఎనిమిది కలపమన్నారు. మా తరగతిలోని ప్రణవి మూడు కట్టలు, పన్నెండు విడి పుల్లలు పేర్చింది. మూడు పక్కన పన్నెండు వేసి 312 అని రాసింది. ఇంకో కట్ట ఎందుకు కట్టలేదని నేను అడిగితే, "రబ్బరు లేదు టీచర్, గందుకే విడిగ వెట్టిన" అంది. పిల్లకు మూడే బ్యాండ్లు ఇచ్చింది నేనే. సారు నవ్వి, పుల్లలన్నీ బీరువాలో పెట్టించి తాళం వేయించారు. ఇక వర్క్‌బుక్కేనట.

ఇంక పుల్లలు కోయకండి. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? మాత్రలు మానేయొద్దని చెప్పండి.

నిన్న ప్రణవి వాళ్ళింటి చీపురులోంచి పది పుల్లలు పీక్కొచ్చి, జడ రిబ్బనుతో కట్టి నా బల్ల మీద పెట్టింది. "గిప్పుడు నలభై రెండు అయితది గద టీచర్, సారును పిలువుండ్రి" అంది. ఎవర్ని పిలవను నాన్నా?

ఈ ఆదివారం ప్రార్థనలో నాకు బదులు ఆ పిల్లను తలచుకోండి.

మీ డోర్కాస్