ఆత్మవిశ్వాసమే ఎలాస్టిక్

గౌరవనీయులైన కోచ్ గారికి,

నమస్కారం. మీ హాస్టల్లో ఉండి పరుగు నేర్చుకుంటున్న పొడుగు పిల్ల ఉంది చూడండి, దాని తల్లిని. బస్టాండు ఎదురుగా టైలరింగ్ షాపు నాది. జట్టుకు ట్రాక్ ప్యాంట్లు కుట్టే పని మీ ఆఫీసువాళ్లు నాకే ఇచ్చారు, సంతోషం. బట్ట ఎవరు కొన్నారో గానీ, సూది కింద పెడితే చేపపిల్లలా జారిపోతోంది. అయినా కుడతాను.

అసలు సంగతి అది కాదు. ఆదివారం ఇంటికి వచ్చినప్పుడు అమ్మాయి మేడ మెట్లు పక్కకు తిరిగి, గోడ పట్టుకుని దిగింది. ఏమిటే అంటే ఏమీ లేదంది. బూటు విప్పి చూస్తే కుడి మడమ ఉబ్బి ఉంది. డాక్టరు దగ్గరికి పదమంటే "సార్‌ని అడగాలి" అంటుంది. మీకు ఫోన్ చేస్తే ఆఫీసు గుమస్తా ఎత్తి "సార్ గ్రౌండులో ఉన్నారు" అంటాడు. వాన పడుతున్నప్పుడు చేసినా అదే మాట. అందుకే ఈ ఉత్తరం దాని చేతికే ఇచ్చి పంపుతున్నాను. మడమ చూపించమంటారా, వద్దంటారా? ఒక్క ముక్క రాయండి.

ఇట్లు,
పొడుగు పిల్ల తల్లి

తా.క. నడుం కొలతలు పంపారు గానీ ఏది ఎవరిదో రాయలేదు. అందులో ఒకటి మనిషిదో, కరెంటు స్తంభానిదో కూడా తెలియడం లేదు.

---

విజేతను కన్న మాతృమూర్తికి,

శుభాశీస్సులు. మీ లేఖ అందినది.

కాలు ఆగమంటుంది, కల సాగమంటుంది. మనం ఎవరి మాట వినాలి? ఆలోచించండి. చెమట చిందని నేలలో చరిత్ర మొలకెత్తదు. గాయపడని పాదం గమ్యం చూడదు. నొప్పి అంటే ఏమిటి? గెలుపు మన ఇంటికొచ్చి తలుపు తట్టే చప్పుడు!

డాక్టర్ల గురించి అడిగారు. వారికి ఆపడం తెలుసును, సాగడం తెలియదు.

లక్ష్యసాధనలో మీ,
కోచ్

తా.క. ఆదివారాలు మీ అమ్మాయికి గిన్నెలు తోమే పని చెప్పకండి. విజేతల చేతులు మెత్తగా ఉండవలెను.

---

కోచ్ గారికి,

నమస్కారం. మీ ఉత్తరం అందింది. దస్తూరి ముత్యాల్లా ఉంది. విజిల్ పట్టే చేతికి ఇంత చక్కటి రాత ఉంటుందనుకోలేదు. విషయం మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. నేను మడమ గురించి అడిగితే మీరు చరిత్ర గురించి రాశారు.

మా పక్కనున్న సైకిల్ షాపాయనకు మొన్న నడుం పట్టేసింది. లేవలేక మూలుగుతుంటే, గెలుపు తలుపు తడుతోందని మీ సూక్తి చదివి వినిపించాను. ఆయన అన్న మాట ఇక్కడ రాయలేను. మీ వంశం గురించి మాత్రం చాలా విచారించాడు.

సార్, ఈసారి వాపు ఇంకా పెరిగింది. పిల్ల బూటు వేసుకుంటూ పెదవి కొరుక్కుంటోంది. నాకున్నది అదొక్కతే. సెలెక్షన్లలో నెగ్గి పెద్ద జట్టులోకి వెళ్లాలని దానికెంత ఆశో నాకూ ఆశే. కానీ కాలు పోయాక పెద్ద జట్టేమిటి, చిన్న జట్టేమిటి? మీరు పెద్దవారు, విద్య నేర్పేవారు. మీ మాట కాదని లాక్కెళ్తే నా కూతురు నాతో మాట్లాడడం మానేస్తుంది. అందుకే బతిమాలుతున్నాను. చూపించమని మీరే ఒక్క మాట దానితో అనండి.

ఇట్లు,
అదే తల్లి

తా.క. పరిగెత్తేది కాళ్లతో కదా సార్? చేతులు మెత్తగా ఎందుకు?

---

మాతృమూర్తికి,

శుభాశీస్సులు. అనుమానం అనే రాయి బూటులో ఉంటే పరుగు సాగదు. మీరు ఆ రాయి కాకండి. తుపానుకు చెట్టు సెలవు చీటీ రాయదు!

సెలెక్షన్లు వచ్చే ఆదివారమే. ఆ రోజు దయచేసి గ్రౌండుకు రావద్దు. గట్టు మీద తల్లి కనబడితే గుండె మెత్తబడుతుంది. మన గ్రౌండులో అది నియమం. ఫోన్ కూడా చేయవద్దు. గొప్పవాళ్లు ఫోన్ ఎత్తరు.

ప్యాంట్లు శుక్రవారానికల్లా అందవలెను. ఆలస్యం అపజయానికి అక్కగారు.

లక్ష్యసాధనలో మీ,
కోచ్

తా.క. క్రీడాకారిణికి రోజూ రెండు గుడ్లు చాలవు. ఇంటికొచ్చినప్పుడు నాలుగు పెట్టండి. పొద్దున్నే లేపకండి కూడా. నిద్ర కూడా ఒక సాధనే.

---

సూక్తుల సార్ గారికి,

మీ ప్యాంట్లు ఇదిగో, పంపిస్తున్నాను. ఎప్పటిలా అమ్మాయి చేతికివ్వలేదు. ఆ మడమతో అది ఈ మూట మొయ్యడం నేను చూడలేను. పార్సిల్ ఆటోలో వేశాను. డ్రైవరు నేరుగా మీ చేతికే ఇస్తాడు. ఈ ఉత్తరం పైన ఉన్న ప్యాంటుకే గుచ్చాను, చూడలేదనడానికి లేకుండా.

ఎలాస్టిక్ ఏదని అడుగుతారేమో. వెయ్యలేదు. ఆత్మవిశ్వాసమే ఎలాస్టిక్. సంకల్పం గట్టిగా ఉన్నవాడి ప్యాంటు జారదు. జారినా, అది ప్యాంటు కాదు, భయం జారిపోవడం. ఎలా ఉంది సార్? మీ ఉత్తరాలు చదివీ చదివీ నాకూ పట్టుబడింది. మిషను తొక్కుతూ పూటకో డజను చెప్పగలను. అడిగినదానికి జవాబు తప్ప ఏదైనా చెప్పగలను.

ఇక వేళాకోళం చాలు. ఆదివారం నా బిడ్డ ఆ కాలితో పరిగెత్తబోతోంది. నాకు భయంగా ఉంది. రాత్రి మిషను మీద తల పెట్టుకుని ఏడ్చాను. గురువు అనేవాడు పిల్ల కాలు చూడాలా, సూక్తులు వల్లించాలా? పరిగెత్తించాలా వద్దా? అవును, కాదు. ఈ రెంటిలో ఒకటి రాయండి. మూడోది రాశారో, రాసిన కాగితం పట్టుకుని నేనే వస్తాను, ఎవరి గుండె మెత్తబడ్డా సరే.

ఇట్లు,
టైలరు

తా.క. జేబులు కుట్టాను. పరిగెత్తేటప్పుడు చేతులు ఖాళీగా ఉండవు కాబట్టి అవి ఎందుకూ పనికిరావు.

---

అమ్మా,

నమస్కారం. ఇది నేను మీకు రాస్తున్న మొదటి ఉత్తరం. మీరు రాసినవాటిలో నాకు అందినది కూడా ఇదొక్కటే.

మాటలు తక్కువ మనిషిని, జరిగింది జరిగినట్టు రాస్తాను. పార్సిల్ రాగానే పైన గుచ్చిన కాగితం తీసి జేబులో పెట్టుకున్నాను, బిల్లు అనుకున్నాను. ప్యాంట్లు పిల్లలకు పంచి వరసలో నిలబెట్టి విజిల్ వేశాను. జట్టంతా రెండు చేతులతో నడుం పట్టుకుని పరిగెత్తింది. ఇరవై ఏళ్లుగా కోచ్‌ని, అంత క్రమశిక్షణ ఎప్పుడూ చూడలేదు. దీని సంగతేమిటో చూద్దామని మీ కాగితం విప్పాను. చదువుతూ తలెత్తి చూస్తే, మీ అమ్మాయి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

అడిగితే ఒప్పుకుంది: నా పేరుతో మీకు వచ్చిన ఉత్తరాలు చెప్పించింది మీ అమ్మాయే. రాసిపెట్టింది మా హై జంప్ పిల్ల, దస్తూరి దానిది. సూక్తులు మా స్టోరు రూములోవి. ఆఫీసువాళ్లు పోస్టర్లు కట్టలు కట్టలుగా పంపితే, గోడకు చెమ్మ కనబడకుండా తగిలించాను. నేను ఒక్కటీ చదవలేదు. పిల్లలు చదువుతున్నారని ఇప్పుడు తెలిసింది. గిన్నెలూ, గుడ్లూ మాత్రం ఏ పోస్టరులోనూ లేవు. అవి సొంత కవిత్వం.

నా కళ్లేమయ్యాయని మీరు అడగవచ్చు. గ్రౌండుకు వచ్చే ముందే మడమకు పట్టీ బిగించి, దాని మీద బూటంత మందం మేజోడు వేసి, నా ముందు నవ్వుతూ పరిగెత్తేది. కుంటడం మీ మెట్ల కోసం దాచుకునేది. నేను స్టాప్‌వాచీ చూశాను, కాలు చూడలేదు. ఆ మాట మీరు అనక ముందే నేనే అనుకున్నాను.

వెంటనే ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. మడమ ఎముకలో సన్నటి చీలిక ఉంది. ఇంకో రేసు పరిగెత్తి ఉంటే పూర్తిగా విరిగేదన్నారు. అందుచేత, మీరడిగినదానికి నా జవాబు: కాదు. ఆదివారం పరిగెత్తదు.

ఎందుకిలా చేశావని అడిగాను. "చెబితే ఆపేస్తారు కదా సార్, అమ్మయినా, మీరైనా" అంది. నిజమే, ఆపేసేవాళ్లం. ఆపేశాను కూడా. దారంతా ఏడుస్తూనే ఉంది. నీళ్ల సీసా ఇచ్చి పక్కన కూర్చున్నాను. మళ్లీ పరిగెడతానా అని డాక్టరును అడిగింది. కాలికి వేసిన కట్టు విప్పాక పరిగెడుతుందని ఆయన అన్నారు. ఇది సూక్తి కాదమ్మా, ఎక్స్‌రే చూసి చెప్పిన మాట. వచ్చే ఏడు సెలెక్షన్లకు మీరు గట్టు మీద ముందు వరసలో కూర్చోండి.

ఈ ఉత్తరం మీ పార్సిల్ ఆటో డ్రైవరు చేతికే ఇచ్చి పంపుతున్నాను. మీ అమ్మాయి చేతికిస్తే మీ దగ్గరికొచ్చేసరికి ఇందులో ఎన్ని గుడ్లు పెరుగుతాయో చెప్పలేం.

ఇట్లు,
కోచ్ (అసలు)

తా.క. అమ్మాయిని రేపు నేనే తీసుకొస్తున్నాను. గుమ్మంలోనే తిట్టకండి, కూర్చోబెట్టి తిట్టండి. నిలబడకూడదని డాక్టరు గట్టిగా చెప్పారు.