అమ్మ మెట్టెక్కని ఏసీ కొట్టు

నాన్నా,

నువ్వు పోయాక రాయగడలో ఇది మొదటి ఎండాకాలం. నిన్న అమ్మ వంటింట్లో కళ్లు తిరిగి పడిపోయింది. మధ్యాహ్నాలు చల్లని చోట ఉంచకపోతే ప్రమాదమన్నారు డాక్టరు. ఇంట్లో పగలంతా కరెంటు పోతూనే ఉంది. అందుకే ఈరోజు బజార్లో కొత్తగా పెట్టిన ఏసీ చీరల కొట్టుకి తీసుకెళ్లాను.

అమ్మ మెట్టు దగ్గరే ఆగిపోయింది.

"కొనకండా సల్లగాలికి కూకుంటే ఏటనుకుంటారే అమ్మీ? అలా వచ్చినోళ్లని మన కొట్లో మీ నాన్న ఎన్ని మాటలనీవోరు!"

నీ మాటే అడ్డం పడింది. ఎండకి ఆమె మొహం కందిపోతోంది. లోపలికి లాక్కెళ్లాలో, వెనక్కి తిప్పాలో తేల్చుకోలేకపోయాను.

కొట్టు యజమాని బయటికొచ్చాడు. "రండి మామ్మా. బేరం రేపు సేద్దురు గాని."

"రేపూ కొనను బాబూ."

అతను నవ్వాడు. "పోనీ, ఆ సీరలు మడతెట్టీండి. మా కుర్రోళ్లకి బద్దకం."

అమ్మ చెప్పులు విప్పి లోపలికి నడిచింది. ఎవరో చూసి వదిలేసిన చీరల కుప్ప ముందు కూర్చుంది. నేనిచ్చిన నీళ్లు తాగింది. సాయంత్రం లేవమంటే, "ఈ కుప్ప అవనీ" అని కసిరింది. అప్పటికి ఆమె మొహం తేటపడింది.

నీ భార్య వేరేవాళ్ల కొట్లో చీరలు మడతపెట్టడం నీకు నచ్చుతుందో లేదో నాకు తెలియదు. రేపూ తీసుకెళ్తాను నాన్నా.