ఏ అబురా?

ఏప్రిల్ 11
పొద్దున ఒకినాగికి సిగ కడుతుంటే వాడి ఛాతీలో పిల్లికూతలు. సుమో వస్తాదుల వెనకాల కూర్చుని సిగలు కట్టేవాణ్ణి, నాకే ముందు వినిపిస్తాయి. మూడేళ్ళ కిందట, నూట ముప్పై కిలోలప్పుడు ఇవి లేవు. ఇప్పుడు నూట అరవై రెండు. ఉబ్బసమట. ఎవరికీ చెప్పకు తాతా, గురువుగారికి తెలిస్తే మూట సర్దించి ఊరికి పంపేస్తారు అన్నాడు. నేనెవరికి చెప్తాను? నాకు మాటలే తక్కువ.

ఏప్రిల్ 14
ఇంకో పది కిలోలు పెరగరా, పై తరగతి ఎక్కుతావు అన్నారు గురువుగారు. వాడు నాలుగో గిన్నె అన్నం పెట్టించుకున్నాడు.

ఏప్రిల్ 20
ఆస్పత్రికి వెళ్ళొచ్చాడు. డాక్టరేమందిరా అన్నాను. అంతా అబురా వల్లేనట తాతా, అది ఊపిరితిత్తుల్ని సతాయిస్తోందట, ఇన్‌హేలర్‌ని కూడా సరిగా పనిచెయ్యనివ్వట్లేదట అన్నాడు.
అప్పుడు నా చేతుల్లో ఉన్నది అబురా ముద్దే. సిగ గట్టిగా నిలవడానికి నలభై నాలుగేళ్ళుగా వస్తాదుల తలలకి అదే పట్టిస్తున్నాను. గదంతా దాని వాసనే.

ఏప్రిల్ 21
ముక్కులోంచి పోతుందా? నెత్తిలోంచి ఇంకుతుందా? మరి నాకెందుకు రాలేదు?

ఏప్రిల్ 22
వాడి తలకి అబురా సగమే రాశాను.

ఏప్రిల్ 29
ఇంకా తగ్గించాను. కూత తగ్గినట్టే ఉంది. లేక నాకలా వినాలనుందేమో.

మే 14
పోటీలో వాడి సిగ ఊడిపోయింది. జుట్టు కళ్ళమీద పడింది. అవతలివాడు ఒక్క తోపు తోశాడు, అంతే. ఏమయ్యా టోకోమినె, సిగ కట్టావా గడ్డిమోపు కట్టావా అన్నారు గురువుగారు. అందరూ నవ్వారు. ఒకినాగి నవ్వలేదు. వాడికి ఊపిరే ఆడటంలేదు.

మే 15
అబురా తగ్గించానని, ఎందుకో కూడా వాడికి చెప్పేశాను. నవ్వాడు, దగ్గాడు, మళ్ళీ నవ్వాడు. నీ అబురా కాదు తాతా, నా అబురా అని పొట్టమీద చరుచుకున్నాడు.
తలకి రాసేదాన్నీ, ఒంట్లో కొవ్వునీ మేం పలకడం ఒకేలా పలుకుతాం. రాత వేరు. నేను విన్నానే గాని రాసింది చూడలేదు. చూసినా ఎంత చదవగలను.
కానీ పొట్ట కిందెక్కడో ఉంది. పైనున్న ఊపిరితిత్తికి దానితో ఏం పని?

మే 23
వాడితో ఆస్పత్రికి వెళ్ళాను. డాక్టరమ్మ చిన్నపిల్ల. నేను తలొంచుకు కూర్చున్నాను. అడుగు తాతా, పెళ్ళిచూపులకి వచ్చావా ఏంటి అని వాడు పొడిచాడు. అడిగాను. ఆవిడ నవ్వలేదు.
కొవ్వు ఊరికే పడుండే మూట కాదు తాతగారూ అంది. అది పని చేస్తూనే ఉంటుందట. మితిమీరితే ఏవేవో రక్తంలోకి వదులుతుందట. అవి ఊపిరిగొట్టాల దాకా పోయి వాపు పెంచుతాయట. ఊపిరితిత్తుల్లో చెత్త ఊడ్చే కణాలుంటాయట, వాటికీ కొవ్వు పట్టి పని చెడుతుందట. మాకూ అంతా తెలియదండీ, కానీ బరువు తగ్గితే చాలామందికి నయంగా ఉంటోంది అంది.
తర్వాత ఆవిడే నన్నడిగింది, ఆ కూత మీరెప్పట్నించి వింటున్నారని. నూట యాభై దాటాక, వాన రోజుల్లో ఎక్కువ అన్నాను. రాసుకుంది. నా మాట ఒక డాక్టరు రాసుకుంది.

మే 24
గురువుగారి దగ్గరికి నేనే వెళ్ళాను. అడక్కుండా ఆయనతో మాట్లాడటం ఇదే మొదలు. కుర్రాడికి ఉబ్బసం, ఇంకా లావెక్కిస్తే ఊపిరందదు అన్నాను. బరువు తగ్గితే వాణ్ణి ప్రతివాడూ తోసేస్తాడు తెలుసా అన్నారు. తోస్తారండీ అన్నాను. వాడెప్పుడూ నాతో అనలేదేం అన్నారు.
రాత్రి అన్నాల దగ్గర మూడో గిన్నె ఆయనే తీసేశారు.

మే 25
ఒకినాగి నాతో మాట్లాడలేదు. మాట తప్పాను కదా.

మే 27
ఇవాళా లేదు. సిగ గట్టిగా కట్టాను. అబురా నిండా పెట్టాను.

జూన్ 8
ఏం తాతా, కొంచెం మెల్లిగా దువ్వు అన్నాడు.

సెప్టెంబర్ 17
నూట నలభై ఎనిమిది. ఓడిపోయాడు. స్టేషన్ నుంచి ఇంటిదాకా ఎలా ఓడాడో చెప్తూనే నడిచాడు. ఊపిరి కోసం ఎక్కడా ఆగలేదు.