సింకులో పట్టని డేగిసా

రజియా,

అమ్మకు జ్వరమంట, ఎమ్మిగనూరు బస్సుకు పోతాండాను. ఆదివారం వస్తాను.

పొద్దున మాంసం కడిగిన సింకు అట్లే ఉంది, నువ్వు కడుగు. సబ్బుతో రుద్దినాక సోడా చల్లి, కాగే నీళ్లు బొక్కలో పొయ్యి. అప్పుడే నీచు వాసన పోతుంది. ఇటుకపొడి తాకించొద్దు, గీతలు పడితే అత్త ఊరుకోదు. బ్లీచింగు వేస్తే వెంటనే కడిగెయ్, లేకుంటే మచ్చలు పడతాయి. ఆఖరికి పొడిగుడ్డతో తుడువు.

ఈ సింకు వచ్చినాకే పెరటి తలుపుకు తాళం పడింది. "నిలబడి కడుక్కుంటాండారు, ఇంకేం కావల్ల?" అంటాడు మామ. గిన్నెలు తోముకుంటా గోడ అవతలి సంతోషమ్మతో నాలుగు మాటలు మాట్లాడేది ఆ పెరట్లోనే కదా. ఈ ఇంటి కోడండ్లం, మనకు వేరే బయట యాడుంది?

జమ్రుద్‌బీ

మర్చిపోయినా. పెద్ద డేగిసా సింకులో పట్టదు. అడుగు మాడితేనే, పెరట్లో రుద్దుకోమని అత్త తాళం ఇస్తుంది. శుక్రవారం పలావు ప్రతిసారీ ఎందుకు మాడుతుందని అడిగినావే, నేనే మాడబెడతాను. ఈ శుక్రవారం నువ్వు మాడబెట్టు. తిడితే పడు. సంతోషమ్మ గోడ కాడ నిలబడి ఉంటుంది.